పొగాకు పొట్లాన్ని ఏ పద్దులో రాయాలి?

ఒక పరిశోధన నిధి కోసం నేను పెట్టిన మొదటి దరఖాస్తు వెనక్కి వచ్చినప్పుడు ముగ్గురు రివ్యూయర్ల అభిప్రాయాలు కూడా జత చేసి పంపారు. ఇద్దరు సెన్సర్ల గురించి, బడ్జెట్ గురించి రాశారు. మూడో వ్యక్తి ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "ఆ ఊళ్లో ఉన్న సమస్య ఇదేనని మీకు ఎవరు చెప్పారు?"

ఆ రోజు అది చదివి కోపం వచ్చింది. పదిహేనేళ్లుగా నీటి శుద్ధి మీద పనిచేస్తున్నదాన్ని, సమస్య ఏమిటో నాకు ఇంకొకరు చెప్పాలా అనుకున్నాను. రెండేళ్ల తర్వాత అదే నిధి నాకు వచ్చింది. ఈ రెండేళ్లలో ఏం జరిగిందో రాయమని ఇక్కడ కెనడాలో చదువుకుంటున్న మన పిల్లలు కొందరు అడిగారు. వాళ్లలో కొందరు ఇలాంటి ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసిస్టెంట్లుగా చేరుతున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను.

నేను కెనడాలో, ప్రైరీ అనే పచ్చిక మైదానాల ప్రాంతంలోని ఒక విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజినీరింగ్ చెబుతాను. సొంతూరు నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు. మా ఫ్యాకల్టీ ఏటా ఒక చిన్న నిధి ఇస్తుంది. ఇక్కడి మూలవాసులతో, అంటే ఫస్ట్ నేషన్స్, మేటీ, ఇన్యూట్ ప్రజలతో కలిసి చేసే ఇంజినీరింగ్ పరిశోధనకు గానీ, బోధనకు గానీ ఆ డబ్బు వాడాలి. ప్రాజెక్టుకు ఎక్కువలో ఎక్కువ 20 వేల డాలర్లు, గడువు ఏడాది. ఎన్‌సర్క్ లాంటి ఫెడరల్ సంస్థలు ఇచ్చే గ్రాంట్ల ముందు ఇది చాలా చిన్నది. కానీ పెద్ద గ్రాంటుకు వెళ్లేముందు చాలామంది ఇక్కడే మొదలుపెడతారు.

ఇలాంటి నిధులు ఊరికే పుట్టలేదు. ఈ దేశంలో వందేళ్లకు పైగా లక్షన్నర మంది మూలవాసి పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. తమ సొంత భాష మాట్లాడితే కొట్టారు. చాలామంది పిల్లలు తిరిగి ఇంటికి రాలేదు. దానిపై విచారించిన ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 పిలుపులు ఇచ్చింది. వాటిలో విద్యకు, పరిశోధనకు సంబంధించినవీ ఉన్నాయి. విశ్వవిద్యాలయాలు ఒక్కొక్కటీ తమ వంతుగా ఏదో చేయడం మొదలుపెట్టాయి. మా ఫ్యాకల్టీ నిధి కూడా ఆ కోవలోనిదే.

నా మొదటి ప్రపోజల్ ఏమిటో చెబుతాను. ప్రైరీల్లో చాలా రిజర్వ్‌లలో, అంటే ఫస్ట్ నేషన్స్ కోసం విడిగా ఉంచిన నేలల్లో, ఇళ్లు దూరం దూరంగా ఉంటాయి. అన్ని ఇళ్లకూ పైపులైను ఉండదు. శుద్ధి కేంద్రం నుంచి నీటిని ట్రక్కులో తెచ్చి, ఇంటి పక్కన భూమిలో పాతిన ట్యాంకులో పోస్తారు. దాన్ని సిస్టర్న్ అంటారు. మన సంపు లాంటిదే అనుకోండి. శుద్ధి కేంద్రంలో బాగున్న నీరు ట్రక్కు, గొట్టం, సిస్టర్న్ దాటి కుళాయికి వచ్చేసరికి చెడిపోవచ్చు. మూత సరిగా పడకపోయినా, గోడకు పగులు వచ్చినా మంచు కరిగే రోజుల్లో పైనీళ్లు లోపలికి దిగుతాయి. నీటిలో మిగిలి ఉండాల్సిన క్లోరిన్ తగ్గిపోతుంది. సాధారణంగా అది లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదు. కాబట్టి సిస్టర్న్‌లలో క్లోరిన్ సెన్సర్లు పెట్టి, వాటి లెక్కలు గంటగంటకూ మా ల్యాబ్‌కు వచ్చేలా చేస్తానని రాశాను. కాగితం మీద చాలా బాగుంది. ఏ ఊళ్లో చేస్తానన్న చోట "ఒక భాగస్వామి ఫస్ట్ నేషన్ (త్వరలో ఖరారు)" అని రాశాను. ఆ బ్రాకెట్‌లోని రెండు మాటలు ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది.

మా ఫ్యాకల్టీలో మూలవాసి విద్యార్థుల వ్యవహారాలు చూసే ఒక ఆవిడ ఉన్నారు. ఫస్ట్ నేషన్స్‌లో ఒకరైన క్రీ ప్రజలకు చెందినవారు. తిరస్కరణ ఉత్తరం ఆమెకు చూపించి, ఎవరినైనా పరిచయం చేస్తారా అని అడిగాను. "ప్రపోజల్ కోసమైతే చేయను. ఊరికే వచ్చి కూర్చుంటానంటే తీసుకెళ్తాను," అన్నారు. తర్వాత నెమ్మదిగా ఇంకో మాట చెప్పారు. వెళ్లేటప్పుడు పొగాకు తీసుకెళ్లాలి. పెద్దవాళ్లను ఏదైనా అడగాలంటే, వాళ్ల జ్ఞానాన్ని కోరాలంటే, ముందు పొగాకు ఇవ్వాలి. తీసుకుంటే ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే అడగకూడదు.

నాకు వెంటనే మన తాంబూలం గుర్తొచ్చింది. తాంబూలం పుచ్చుకున్నాక మాట తప్పకూడదని మా నానమ్మ అనేది. ఆ పొగాకు వెనక ఉన్నదేమిటో ఆ ఒక్క పోలికతో అర్థమైంది. అది లంచమూ కాదు, బహుమతీ కాదు. మాట ఇచ్చిపుచ్చుకోవడం. మన వైపు నుంచి కూడా బాధ్యత మొదలైనట్టే. చిన్న ఎర్ర గుడ్డలో పొగాకు మూటకట్టి ఇవ్వడం ఆవిడే నేర్పారు.

ఆ ఊరి పేరు రాయను. అడిగితే బహుశా రాసుకొమ్మనేవాళ్లే, కానీ ఇది నా అనుభవం, వాళ్ల కథ కాదు. మా నగరం నుంచి కారులో నాలుగు గంటల దారి. ఫిబ్రవరి నెల, బయట మైనస్ ముప్పై. ఊళ్లో అందరూ కోకుం అని పిలిచే ఒక పెద్దావిడ ఇంటికి తీసుకెళ్లారు. క్రీ భాషలో కోకుం అంటే అమ్మమ్మ, నానమ్మ. మూట చేతిలో పెట్టాను. కాసేపు అలాగే చూసి తీసుకుంది. నా డిగ్రీల గురించి అడగలేదు. మీ అమ్మ ఎవరు, అమ్మమ్మ ఎవరు అని అడిగింది. తర్వాత, "నువ్వు ఏ నీళ్లు తాగి పెరిగావు?" అంది.

ఏ ఇంటర్వ్యూలోనూ నన్నెవరూ అడగని ప్రశ్న అది. బోరు నీళ్లు తాగి పెరిగానని చెప్పాను. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉండేదని, మా పెదనాన్న నడుము నలభై ఏళ్లకే వంగిపోయిందని, మా క్లాసులో సగం మంది పళ్లు గోధుమరంగులో ఉండేవని చెప్పాను. ఇంజినీర్లు ఎవరూ రాలేదా అని అడిగింది. వచ్చారన్నాను. నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతికి మా జిల్లా పేరే ఉంది: నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దింపడం. ప్రపంచమంతా పుస్తకాల్లో చదువుకుంటుంది. మా ఊళ్లో కూడా అలాంటి ప్లాంటు ఒకటి కట్టారు. రోజూ పటిక కొలిచి వేయాలి. అడుగున చేరిన మడ్డిని తీసి పారబోయాలి. చూసుకునే మనిషికి జీతం ఆగిపోయింది, పటిక రావడం ఆగిపోయింది. నాకు ఊహ తెలిసేసరికి ఆ ట్యాంకులో మేం దాగుడుమూతలు ఆడుకునేవాళ్లం. కృష్ణా నీళ్లు పైపులో వచ్చింది చాలా ఏళ్ల తర్వాత.

కోకుం అంతా విని, "మరి నీ సెన్సర్లకు బ్యాటరీలు ఎవరు మారుస్తారు?" అని అడిగింది.

నా దగ్గర సమాధానం లేదు. మా ఊరి ప్లాంటు ఎందుకు చచ్చిపోయిందో తెలిసిన నేను, మళ్లీ అలాంటిదే ఇంకొకరి ఊళ్లో పెడతానని ఇరవై పేజీలు రాశాను.

ఆ సంవత్సరం ఆ ఊరికి ఆరుసార్లు వెళ్లాను. పెట్రోలు నాదే, శనాదివారాలు నావే. ఆ ప్రయాణాలకు ఏ గ్రాంటూ లేదు. ఎందుకంటే గ్రాంటు రావాలంటే ముందు ఈ ప్రయాణాలు జరిగి ఉండాలి. ఈ వ్యవహారంలో నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపించింది ఇదే. నాకు పర్మనెంట్ ఉద్యోగం ఉంది, కారు ఉంది, కాబట్టి వెళ్లగలిగాను. కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే వాళ్లు, పీహెచ్‌డీ విద్యార్థులు ఎలా వెళ్తారు? ఇంకా ముఖ్యంగా, నేను వెళ్లిన ప్రతిసారీ నాకోసం కూర్చున్న ఆ ఊరివాళ్ల సమయానికి ఎవరు డబ్బిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు. నిధి ప్రకటనలో "బలమైన సంబంధం ఉన్నట్టు చూపాలి" అని రాసి ఉంటుంది. ఆ సంబంధం ఖర్చు ఇద్దరి మీదా పడుతుంది, ఎక్కువ భారం ఊరి మీదే.

అక్కడ కూర్చున్నప్పుడు, ఇంజినీర్ అన్న మాట వాళ్ల చెవికి ఎలా వినిపిస్తుందో కూడా తెలిసింది. నేను చదువుకున్న గొప్ప కట్టడాలు వాళ్లకు వేరేలా గుర్తున్నాయి. విన్నిపెగ్ నగరానికి మంచినీళ్లు తెచ్చే కాలువ 1919లో పూర్తయింది. నూట యాభై కిలోమీటర్ల దూరంలోని షోల్ లేక్ నుంచి, ఎక్కడా పంపు లేకుండా వాలు మీదే నీళ్లు వస్తాయి. క్లాసులో దాన్ని అద్భుతం అని చెప్పేదాన్ని. ఆ పనుల్లోనే షోల్ లేక్ 40 ఫస్ట్ నేషన్ ప్రజల నేల చుట్టూ నీరు చేరి దీవిలా మిగిలిపోయింది. వాళ్ల సరస్సు నీళ్లు నగరం తాగింది. వాళ్లు మాత్రం 24 ఏళ్లు నీళ్లు కాచుకునీ, సీసాల్లో తెచ్చుకునీ తాగారు. బయటికి వెళ్లేందుకు రోడ్డు 2019లో వచ్చింది, శుద్ధి కేంద్రం 2021లో వచ్చింది. 1970లలో చర్చిల్ నదిని మళ్లించి సదర్న్ ఇండియన్ లేక్ మట్టం పెంచినప్పుడు అక్కడి చేపల వేట మీద బతికిన ఊరు లేచిపోవాల్సి వచ్చింది. 2011 వరదల్లో నగరాలను కాపాడేందుకు మళ్లించిన నీరు లేక్ సెయింట్ మార్టిన్ ఫస్ట్ నేషన్‌ను ముంచింది. ఊరంతా ఖాళీ అయింది. ఎన్నో ఏళ్లు హోటళ్లలో, అద్దె ఇళ్లలో గడిపారు. ఆ గేట్లు, కాలువలు అన్నీ లెక్కలు వేసి కట్టినవే.

నాగార్జునసాగర్ చూసి గర్వపడుతూ పెరిగినదాన్ని. మునిగిన ఊళ్ల పేర్లు నాకు ఎన్ని తెలుసు అని ఆ రాత్రి ఇంటికి వస్తూ లెక్కపెట్టుకున్నాను. ఒక చేతి వేళ్లు కూడా నిండలేదు.

ఐదోసారి వెళ్లినప్పుడు నీటి ప్లాంటు ఆపరేటర్ నన్ను తన ట్రక్కులో ఎక్కించుకున్నాడు. యాభై దాటిన మనిషి, ఇరవై రెండేళ్లుగా ఆ పనిలో ఉన్నాడు. రోజంతా ఇల్లిల్లూ తిరిగాం. నాకు సెన్సర్ అక్కర్లేదు, ఏ సిస్టర్న్‌లో నీళ్లు బాగాలేవో మూత తీయకుండా చెప్పగలనన్నాడు. నిజంగానే చెప్పాడు. ఏ ఇంటి మూత ఎప్పుడు పగిలిందో, ఏ ఇంటి దగ్గర గొట్టం నేలకు రాసుకుంటుందో అన్నీ తెలుసు. తెలియనిదల్లా ఒకటే: సిస్టర్న్‌లు కడగడం ఎవరి పని? ప్లాంటు వరకు ఊరి పాలన చూసే బ్యాండ్ కౌన్సిల్ బాధ్యత. కుళాయి ఇంటివాళ్లది. మధ్యలోని ట్యాంకు ఎవరిదీ కాదు. ఫెడరల్ ప్రభుత్వం ప్రకటించే, "నీళ్లు కాచుకుని తాగండి" లాంటి హెచ్చరికల జాబితాలో కూడా ఇలా ఒక్కో ఇంటికి ఉండే ట్యాంకులు లెక్కలోకి రావు. ఆ జాబితా ప్రజా నీటి వ్యవస్థల గురించే. హెచ్చరికలన్నీ 2021 మార్చికల్లా ఎత్తేస్తామని 2015లో ఇచ్చిన మాట నెరవేరలేదని అందరికీ తెలుసు. ఒంటారియోలోని నెస్కాంటాగా ఊళ్లో 1995 నుంచి నీళ్లు కాచుకునే తాగుతున్నారు. కానీ ఆ జాబితా ఖాళీ అయినా ఇలాంటి ఇళ్ల నీళ్లు బాగుపడ్డట్టు కాదని నాకు ఆ ట్రక్కులోనే తెలిసింది.

ఆపరేటర్‌కు ఇంకో చింత ఉంది. తనకు సాయం ఒక్కడే. తను రిటైరైతే సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ఇద్దరు కుర్రాళ్లకు పని నేర్పించాలి, సిస్టర్న్ కడిగే పద్ధతి ఒకటి ఊరికి తగ్గట్టు రాసుకోవాలి, కడగకముందు, కడిగిన తర్వాత నీళ్లు పరీక్షించాలి. ఊరివాళ్లకు కావలసింది ఇంతే. నా డాక్టరేట్ పనితో పోలిస్తే చాలా చిన్నది. అయితే వాళ్లకు అవసరమైనది అదే.

రెండో దరఖాస్తు నేను రాయలేదు, మేం రాశాం. కౌన్సిల్‌లో నీటి వ్యవహారాలు చూసే ఆవిడ, ఆపరేటర్, నేను ముగ్గురం వాళ్ల హాల్లో కూర్చుని టీ తాగుతూ రాశాం. పేజీలు సగానికి తగ్గాయి. సపోర్ట్ లెటర్‌కు బదులు బ్యాండ్ కౌన్సిల్ తీర్మానమే జత చేశాం. ఈ తేడా మన విద్యార్థులు గమనించాలి. సపోర్ట్ లెటర్ మనం రాసి వాళ్లతో సంతకం పెట్టించుకునేది. తీర్మానం వాళ్లు కూర్చుని చర్చించి, వాళ్ల మాటల్లో రాసుకునేది. మా తీర్మానంలో ఒక షరతు ఉంది: ఎప్పుడైనా ఆపమంటే ఆపాలి.

బడ్జెట్‌లో 20 వేలలో పన్నెండు వేలకు పైగా ఊళ్లోనే ఖర్చయ్యేలా వేశాం. కుర్రాళ్లిద్దరి జీతం, ఆపరేటర్ బోధనకు గౌరవ వేతనం, పెద్దల గౌరవ వేతనం, భోజనాలు. నాకు, ల్యాబ్‌కు మిగిలింది తక్కువ. ఈసారి ఏ రివ్యూయరూ మొదటి ప్రశ్న అడగలేదు. ఏప్రిల్‌లో మంజూరైనట్టు ఉత్తరం వచ్చింది. కోకుంకు ఫోన్ చేస్తే, "సరే, ఇప్పుడు కష్టం మొదలవుతుంది," అంది.

నిజంగానే మొదలైంది. ముందు ఎథిక్స్ అనుమతి. కెనడాలో మనుషులతో చేసే పరిశోధనలకు టీసీపీఎస్ 2 అనే నియమావళి ఉంది. 2010లో వచ్చిన ఆ కూర్పులో తొమ్మిదో అధ్యాయమంతా ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ ప్రజలతో చేసే పరిశోధన గురించే. ఒక్కో మనిషి సమ్మతి ఒక్కటే చాలదు, ఆ సమాజంతో కూడా మాట్లాడాలంటుంది. అది అవసరం ఎందుకో చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1940లలో రెసిడెన్షియల్ స్కూళ్లలో ఆకలితో ఉన్న పిల్లల మీద పోషకాహార ప్రయోగాలు చేశారు. 1980లలో పశ్చిమ తీరంలోని నూ-చా-నుల్త్ అనే ఫస్ట్ నేషన్స్ ప్రజల దగ్గర కీళ్లజబ్బుల పరిశోధన అని రక్తం తీసుకుని, తర్వాత వాళ్లను అడగకుండా వేరే పరిశోధనలకు వాడారు. ఈ సంగతులు తెలిశాక ఆ ఫారాలు నింపడానికి నాకు విసుగు రాలేదు.

విసుగు వచ్చింది ఒప్పందం దగ్గర. ఫస్ట్ నేషన్స్ 1998 నుంచి ఓక్యాప్ అనే నాలుగు సూత్రాలు పాటిస్తున్నాయి. తమ సమాచారం మీద యాజమాన్యం తమది, నియంత్రణ తమది, దాన్ని చూసే హక్కు తమది, అది ఉండాల్సింది తమ చేతిలో. మా విశ్వవిద్యాలయం వాడే ఒప్పందం నమూనాలో మాత్రం డేటా విశ్వవిద్యాలయానిదే అని అచ్చువేసి ఉంది. ఆ ఒక్క వాక్యం మార్చడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు, అక్కడి నుంచి లాయరుకు. ఎవరూ కాదనలేదు, ఎవరూ సంతకం పెట్టలేదు. అవతల ఏడాది గడువు కరుగుతోంది. నాకు ఆ నాలుగు నెలలు టెన్షన్‌తో సరిగా నిద్ర లేదు. కుర్రాళ్లిద్దరూ పని మొదలెప్పుడని మెసేజ్ పెట్టేవాళ్లు. చివరికి నీటి పరీక్షల ఫలితాలన్నీ కౌన్సిల్ దగ్గరే ఉంటాయని, మేం చూడాలన్నా, రాయాలన్నా వాళ్ల అనుమతి కావాలని రాసుకున్నాం.

తర్వాత డబ్బు చెల్లింపులు. కోకుంకు గౌరవ వేతనం ఇవ్వాలంటే సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, వెండర్ ఫారం, బ్యాంకు వివరాలు అడిగారు. ఐదువందల డాలర్లు దాటితే టీ4ఏ అనే పన్ను పత్రం కూడా ఇవ్వాలన్నారు. ఇంటికి పిలిచి, సూప్ పెట్టి, తన భాషలో నీటిని నిపి అంటారనీ, దాన్ని ఎలా పలకరించాలో చెప్పిన మనిషి దగ్గరికి ఈ కాగితాలు తీసుకెళ్లి నించోవడం నాకు చాలా కష్టమనిపించింది. ఆమె నంబరు ఇవ్వనంది. ప్రభుత్వం దగ్గర తన నంబర్లు ఇప్పటికే చాలా ఉన్నాయంది. చిన్నప్పుడు స్కూల్లో తనను పేరుతో కాక నంబరుతో పిలిచేవాళ్లట. ఆ మాట విన్నాక ఆ ఫారం మళ్లీ ఆమె ముందు పెట్టలేకపోయాను.

పొగాకు బిల్లు కూడా వెనక్కి వచ్చింది. పొగాకు ఉత్పత్తులు కొనకూడదని కొనుగోలు నిబంధనల్లో ఉందట. ఏ పద్దులో రాయాలని అడిగితే ఆఫీసులో ఎవరికీ తెలియదు. "ఆఫీసు సామగ్రి" అని రాయమని ఒకరు సలహా ఇచ్చారు. అలా రాయడానికి మనసొప్పలేదు. మా పెళ్లిలో ఇచ్చిన తాంబూలాన్ని స్టేషనరీ ఖర్చు అని రాసినట్టుంటుంది. మా క్రీ సహోద్యోగి, నేను, ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లు కలిసి ఒక ఉత్తరం రాశాం. సంప్రదాయ కానుకలకు విడిగా ఒక పద్దు ఉండాలని, పెద్దలకు ఇచ్చే గౌరవ వేతనం కౌన్సిల్ ద్వారా చెల్లించే వీలుండాలని అడిగాం. ఎనిమిది నెలల తర్వాత రెండూ ఒప్పుకున్నారు. ఈలోపు ఖర్చు నా జేబులోంచే పోయింది. దానికి బాధ లేదు. కానీ జేబులో లేనివాళ్ల సంగతేమిటని మళ్లీ అదే ప్రశ్న.

పని ఎలా సాగిందో ఎక్కువ రాయను. ఆగస్టులో మొదలుపెట్టాం. సెప్టెంబరు చివర్లో మూస్ అనే పెద్ద దుప్పి వేట. కుర్రాళ్లిద్దరూ వెళ్లారు, వెళ్లాలి కూడా. అక్టోబరులో ఊళ్లో ఒక పెద్దాయన చనిపోయారు. మేం సామాన్లు సర్దుకుని వచ్చేసి, పిలిచేదాకా వెళ్లలేదు. మూడు వారాలు. ఆ నెల ప్రోగ్రెస్ రిపోర్టులో "ఆలస్యానికి కారణం" అన్న గడి ఉంది. ఊరు దుఃఖంలో ఉంది అని రాశాను. గడువు ఆరు నెలలు పెంచారు. అడిగితే పెంచుతారు, అడగడానికి భయపడకండి.

బోధన గురించి మాత్రం చెప్పాలి. నాలుగో సంవత్సరం విద్యార్థులు పన్నెండు మంది ఈ ప్రాజెక్టును కోర్సుగా తీసుకున్నారు. ఊరికి వెళ్లేముందు నాలుగు వారాలు షోల్ లేక్ కాలువ లెక్కలే చేశారు. వాలు, ప్రవాహం, వ్యాసం అన్నీ. తర్వాత అదే మ్యాపు మీద ఎవరి నేల తెగిపోయిందో గీయమన్నాను. క్లాసు చాలాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. ఫస్ట్ నేషన్ నుంచి వచ్చిన అమ్మాయి ఒకరు క్లాసులో ఉంది. అందరూ ఆమె వైపు చూడడం గమనించి నాకు తప్పు చేశాననిపించింది. తర్వాత ఆమెతో విడిగా మాట్లాడాను. "నేను ఇక్కడికి ఇంజినీరింగ్ నేర్చుకోవడానికి వచ్చాను, వీళ్లకు మా చరిత్ర చెప్పడానికి కాదు," అంది. ఆ మరుసటి వారం నుంచి ఆ పాఠం చెప్పే పద్ధతి మార్చాను. ఎవరి అనుభవాన్నీ అడగను, కాగితాలే మాట్లాడతాయి.

ఊళ్లో రెండు రోజులు ఆపరేటరే పాఠం చెప్పాడు. కోర్సు పత్రంలో బోధకుల దగ్గర నా పేరు పక్కనే ఆయన పేరు వేయించాను. సిస్టర్న్ మూత ఎలా తీయాలి, లోపలికి దిగేముందు గాలి ఎందుకు పరీక్షించాలి, కడిగాక క్లోరిన్ ఎంతసేపు ఉంచాలి అని ఆయన చెబుతుంటే మా పిల్లలు నోట్సు రాసుకున్నారు. ఒకడు ఫార్ములా అడిగాడు. ఆయన ముందు బకెట్‌తో కొలిచి చూపించి, తర్వాత ఫార్ములా రాశాడు. రెండూ సరిపోయాయి. ఆ క్షణం ఆయన ముఖంలో కనిపించిన తృప్తి నాకు ఎప్పటికీ గుర్తుంటుంది.

కుర్రాళ్లలో ఒకడు మొదటి స్థాయి ఆపరేటర్ పరీక్ష పాసయ్యాడు. రెండోవాడు మళ్లీ రాస్తున్నాడు. సిస్టర్న్ కడిగే పద్ధతి ఇంగ్లిష్‌లో, క్రీలో బొమ్మలతో సహా రాసుకున్నారు. ప్రతి ఇంటికీ ఏడాదికోసారి కడగడం కౌన్సిల్ బాధ్యతగా తీసుకుంది. నీటి పరీక్షల్లో ఏం తేలిందో ఇక్కడ రాయను. ఆ అంకెలు నావి కావు. దీనిమీద నాకు ఇంతవరకు ఒక్క జర్నల్ పేపరు కూడా రాలేదు. ప్రమోషన్ ఫైలులో ఆ గడి ఖాళీగా ఉంది. ఆ గడి అలా ఉండడం మారాలని మాత్రం ప్రతి మీటింగులోనూ గట్టిగా చెబుతున్నాను. కౌన్సిల్ తీర్మానాన్ని, ఊరు వాడుకుంటున్న పద్ధతిని కూడా పరిశోధన ఫలితంగా లెక్కపెట్టాలి.

ఈ ఏడాది నుంచి మా ఫ్యాకల్టీ ఒక మార్పు చేసింది. ప్రపోజల్ లేకుండానే, మొదటి పరిచయానికి వెళ్లిరావడానికి మూడు వేల డాలర్లు ఇస్తున్నారు. అందులో సగం ఊరివాళ్ల సమయానికి వెళ్లాలి. మేం అడిగిన వాటిలో నాకు అన్నిటికంటే సంతోషమిచ్చింది ఇదే. ఇంకా అడుగుతున్నది ఒకటుంది: డబ్బు నేరుగా ఊరి పేరున రావాలి, విశ్వవిద్యాలయం భాగస్వామిగా ఉండాలి. అది ఇంకా కాలేదు.

చివరి భోజనాల రోజున కోకుం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "మీ దేశంలో కూడా మాలాంటి వాళ్లు ఉన్నారా?" అని అడిగింది. ఉన్నారన్నాను. బీటెక్ మూడో సంవత్సరంలో ఎన్ఎస్ఎస్ క్యాంపుకని నల్లమలలో ఒక చెంచు పెంటకు, అంటే చెంచుల గూడేనికి, వెళ్లాం. వాగులో చెలమ తవ్వుకుని నీళ్లు తెచ్చుకునేవాళ్లు. నలభై ప్రశ్నల ఫారాలు నింపుకున్నాం. మళ్లీ ఎప్పుడొస్తారని ఒక ముసలమ్మ అడిగితే, వస్తామని చెప్పాం. రిపోర్టు స్పైరల్ బైండింగ్ చేయించి కాలేజీలో ఇచ్చాం. మార్కులు వచ్చాయి.

"ఆ కాగితం వాళ్లకు ఇచ్చారా?" అంది.

లేదన్నాను. ఇంకేమీ అనలేదు. నా చేయి పట్టుకుని కూర్చుంది.

ఆ వారమే నాన్నకు ఫోన్ చేశాను. అటక మీది ట్రంకు పెట్టెలో రిపోర్టు దొరికిందట. అంచులు చెదలు తిన్నాయి గానీ లోపల అక్షరాలు బాగానే ఉన్నాయి, ఫోటోలు తీసి పంపాడు. చివరి పేజీలో పదిహేడు మంది పేర్లున్నాయి. డిసెంబరు సెలవుల్లో వస్తున్నాను. మన్ననూరు దాకా బస్సులో వెళ్లొచ్చు. అక్కడి నుంచి పెంటకు వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. ఎవరిని అడగాలో కనుక్కుంటున్నాను.